హెవీ లైసెన్సు పరీక్ష: వెనక చక్రాన్ని చూడటం నేర్చుకున్నాక

హెవీ వాహనాల డ్రైవింగ్ పరీక్షలో ఉత్తీర్ణుడినయ్యానని తెలిసిన దగ్గరి నుంచి, ఇదే పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులు ఎలా సాధన చేశారో చెప్పమని అడుగుతూనే ఉన్నారు. రాతపరీక్ష గురించి, రోడ్డు గుర్తుల గురించి నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. అవి కూర్చుని చదివితే వచ్చేవే. కారు ఏళ్ల తరబడి నడిపినవారు కూడా లారీ ఎక్కగానే తడబడేది మలుపుల దగ్గర, అంతకంటే ఎక్కువగా రివర్సు దగ్గర. అందుకని నా మాటల్లో అధికభాగం వాటికే కేటాయిస్తున్నాను.

పెద్ద బండిలో డ్రైవరు కూర్చునేది దాదాపు ముందు చక్రాల మీద. కొన్ని బండ్లలో వాటికంటే ముందుకు. కారులో స్టీరింగు తిప్పే చోటే ఇక్కడా తిప్పితే, వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రాకుండా లోపలివైపు మూలను కోసుకుంటూ వస్తాయి. రెండు ఇరుసుల మధ్య దూరం పెరిగేకొద్దీ ఈ కోత పెరుగుతుంది. కాబట్టి మన సీటు మలుపు మూలను దాటి ముందుకు వెళ్లిన తరువాతే స్టీరింగు తిప్పాలి, తిప్పుతున్నంతసేపూ లోపలివైపు అద్దంలో వెనక టైరును గమనిస్తూ ఉండాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, రెండో అద్దాన్ని మరిచిపోతారు. 12 మీటర్ల బస్సులో వెనక ఇరుసు దాటి వెనకకు ఉండే భాగమే 3 మీటర్లకు పైబడి ఉండవచ్చు. బండి ఒకవైపు తిరిగితే ఆ భాగం రెండో వైపుకు జరుగుతుంది. పక్కన గోడో స్తంభమో ఉండి, మనం నిలిచిన చోటే స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలామంటే, ముందు ఎంత ఖాళీ ఉన్నా తోక వెళ్లి దానికి రాసుకుంటుంది.

రివర్సు కిటుకు నాకు దొరికింది స్టీరింగు ముందు కాదు, నేల మీద నిలబడినప్పుడు. శిక్షణ ఇచ్చే పెద్దాయన మరొక అభ్యర్థి చేత బండిని వెనక్కి నడిపిస్తూ, నన్ను క్లీనరు వైపు కాస్త దూరంగా నిలబెట్టి, వెనక చక్రాన్ని తప్ప మరి దేన్నీ చూడవద్దని చెప్పారు. మెత్తటి దుమ్ములో టైర్ల అచ్చులు స్పష్టంగా పడుతున్నాయి. అతను స్టీరింగును డ్రైవరు వైపుకు మొత్తం తిప్పాడు. అయినా వెనక టైరు ఉన్నపళంగా పక్కకు జరగలేదు, తన దారిలోనే దొర్లుతూ నింపాదిగా వంపు తీసుకుంది. ముందు బంపరు మూల మాత్రం నేను నిలబడిన వైపుకు జోరుగా ఊడ్చుకుంటూ వచ్చింది. బండి వెళ్లిపోయాక చూస్తే, మొదట కలిసే ఉన్న ముందు టైర్ల అచ్చులు వెనక టైర్ల అచ్చులను విడిచి మూరెడు, ఆపైన బారెడు బయటికి జరిగి ఉన్నాయి. రివర్సు పరీక్షలో దారి పక్కన నిలబెట్టే పోళ్లు ఎక్కువగా ముందు మూలకు ఎందుకు తగులుతాయో, అభ్యర్థి వెనక్కి చూస్తూ ఉండగానే ముందు ఎందుకు పడిపోతాయో నాకు ఆ అచ్చులు చూశాకే బోధపడింది.

అప్పటి నుంచి, సీటు సరిచేసుకున్న వెంటనే రెండు అద్దాల్లోనూ వెనక టైరు నేలను తాకే చోటు కనబడేలా సర్దుకోవడం అలవాటు చేసుకున్నాను. అద్దంలో బాడీ పక్కభాగం సన్నని పట్టీలా కనబడితే చాలు, మిగతా జాగా నేలకు, దారి అంచు గీతకు వదలాలి. గీతకూ టైరుకూ మధ్య ఉన్న సందు, గీతకూ బాడీ చివరకూ మధ్య ఉన్న సందుతో సమానంగా కనిపిస్తే బండి తిన్నగా ఉన్నట్టు. చివరకు పోయేకొద్దీ సందు ఇరుకవుతుంటే తోక గీత మీదికి పోతున్నట్టు. అప్పుడు స్టీరింగును గీతకు దూరంగా కొద్దిగా, ఆలస్యం చేయకుండా తిప్పాలి, బాడీ పూర్తిగా తిన్నబడేదాకా ఆగకుండా ముందే విడిచిపెట్టాలి. అంతా అయ్యాక విడిచిపెడితే బండి రెండో గీత వైపు పోతుంది, దాన్ని సరిచేయబోతే మళ్లీ ఇటు వస్తుంది. ఒక హెచ్చరిక: కుంభాకార అద్దంలో వస్తువులు ఉన్నదానికంటే దూరంగా కనబడతాయి గనుక, ఇంకా చోటుంది కదా అని అద్దాన్ని నమ్మి వెనక్కి పోవద్దు. ఇదంతా ఒకే చట్రం ఉన్న లారీకి, బస్సుకు వర్తిస్తుంది. ట్రైలరు తోక పోవలసిన వైపుకు ఎదురుగా స్టీరింగు మొదలుపెట్టాలి, ఆ సాధన వేరే.

నేను రివర్సు మధ్యలో బండిని ఆపి రెండు అద్దాలూ చూసుకుని మళ్లీ కదిలేవాడిని. అవకాశం ఉన్నచోట దిగి వెనక వైపు చూసి వచ్చేవాడిని కూడా. తోటి అభ్యర్థులు కొందరు దీన్ని పిరికితనమని నవ్వారు. ఆపి చూసుకోవడం తప్పని పరీక్షాధికారి నాకు ఎన్నడూ చెప్పలేదు, గుడ్డిగా వెనక్కి పోయినవారి పోళ్లు మాత్రం పడ్డాయి. తమ వంతు వచ్చేదాకా ఫోనులో తల దూర్చి కూర్చునేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఇతరులు నడుపుతున్న బండి చక్రాలను చూడటం ఖర్చు లేని శిక్షణ, దాన్ని వదులుకుని మాస్టారు సరిగా చెప్పలేదనడం న్యాయం కాదు.

బ్రేకుల విషయానికి వస్తే, ఎయిర్ బ్రేకు కారు బ్రేకులా పనిచేయదు. పెడల్ తొక్కగానే ట్యాంకులోని గాలి గొట్టాల గుండా చక్రాల దాకా చేరాలి, అందుకు స్వల్ప వ్యవధి పడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది కాబట్టి, అర సెకను ఆలస్యమైనా అయిదు మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోయినట్టే. ముందుగా, మెల్లగా, ఒకే ఒత్తిడితో తొక్కాలి. పదే పదే తొక్కి వదిలితే గాలి ఖర్చయిపోతుంది. స్టార్టు చేశాక, గాలి తక్కువగా ఉందని హెచ్చరించే బజరు ఆగి, మీటరులో గాలి చాలినంత ఎక్కేదాకా కదలకూడదు. గాలి తగ్గితే స్ప్రింగు బలంతో పట్టుకునేలా పార్కింగు బ్రేకు ఉంటుంది, అది పట్టుకుని ఉండగా బండిని బలవంతంగా లాగించడం ప్రమాదం. దిగుడులో చిన్న గేరు వేసి, చక్రాల బ్రేకులు వాడకుండా వేగం తగ్గించే ఎగ్జాస్టు బ్రేకో రిటార్డరో వాడి, పెడల్‌ను అవసరానికే ఉంచాలి. ఎప్పుడూ తొక్కిపట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతాయి. న్యూట్రల్‌లో జారనివ్వడం సరేసరి, అది కూడదు.

గేర్ల గురించి, హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి బండిని నిలబెట్టకూడదనడం గురించి మీకు తెలుసు. పరీక్ష మొదట్లో బండి చుట్టూ తిరిగి చూడమంటే తొందరపడకుండా జంట టైర్ల మధ్య రాళ్లు, చక్రాల నట్లు, గాలి కారుతున్న శబ్దం, నూనె మరకలు, వెనక లైట్లు, ఏం చూస్తున్నారో పైకి చెబుతూ చూడండి. చివరలో పార్కింగు బ్రేకు లాగి, గేరు తీసి, ఇంజను కాసేపు ఐడిల్‌లో ఉంచి ఆపండి. తలుపు తెరిచేముందు అద్దంలో వెనక నుంచి వచ్చే బండ్లను చూసి, ముఖం క్యాబిన్ వైపు పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ ఆనేలా మెట్లు దిగండి.