తుంటి విరిగితే గుండె గురించి భయపడ్డాను

రాత్రివేళ స్నానాలగదిలో కాలు జారి పడేనాటికి నాకు 76 ఏళ్లు. లేవబోతే కుడికాలు కదలలేదు. పొట్టిదైనట్టు, పాదం బయటికి తిరిగిపోయి కనిపించింది. తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. అయినా నా బెంగంతా గుండె గురించే. మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా రోజూ క్లోపిడోగ్రెల్ మాత్ర వేసుకుంటున్నాను. గుండె పరీక్షలన్నీ పూర్తయ్యాకే ఆపరేషన్‌కు ఒప్పుకుంటాననీ, వారం పట్టినా ఓర్చుకుంటాననీ మా అబ్బాయితో గట్టిగా చెప్పాను.

మత్తు డాక్టరుగారు నా మంచం పక్కన కూర్చుని, "పడుకుని ఎదురుచూస్తే గుండెకు విశ్రాంతి దొరుకుతుందనుకుంటున్నారమ్మా, అది నిజం కాదు" అన్నారు. విరిగిన ఎముక నొప్పికి గుండె వేగం పెరుగుతూనే ఉంటుందనీ, లోపల రక్తం కారుతూ ఉంటుందనీ, కదలకుండా పడి ఉంటే ఊపిరితిత్తులకు నిమ్ము చేయడం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఒంటికి పుండ్లు పడటం మొదలవుతాయనీ, అందుకే 48 గంటలు దాటనివ్వకూడదనీ వివరించారు. క్లోపిడోగ్రెల్ ప్రభావం పోవడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆగే బదులు, వెన్నులో మత్తు సూది వేస్తే వెన్నుపాము పక్కన రక్తస్రావం జరగవచ్చు కాబట్టి, పూర్తి మత్తు ఇస్తామన్నారు. మంచం దగ్గరే ఎకో (గుండె స్కాన్) తీశారు. గుండె వేగాన్ని తగ్గించడానికి నేను ఎప్పటినుంచో వేసుకుంటున్న మెటోప్రోలాల్‌ను ఆపరేషన్ రోజు ఉదయం కూడా ఇచ్చారు. అలవాటైన ఆ మందును హఠాత్తుగా ఆపడం ఎంత ప్రమాదమో, అలవాటు లేనివారికి ఆపరేషన్ ముందు పెద్ద మోతాదులో మొదలుపెట్టడం కూడా అంతే ప్రమాదమట. తొడ పైభాగంలో నరాలకు మత్తు సూది వేశాకే ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

మర్నాడు ఆపరేషన్ చేసి తుంటి కీలులో సగభాగం, అంటే విరిగిన తొడ ఎముక వైపు భాగం, మార్చారు. నేను భయపడినది మాత్రం ఆ తర్వాతి రోజు వచ్చింది: రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరిగింది. అంటే గుండె కండరం కొంత దెబ్బతింది. నాకు ఛాతీలో ఏ నొప్పీ తెలియలేదు. నొప్పి మందుల మాటున ఇలా చాలామందికి తెలియకుండానే జరుగుతుందనీ, ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే జరుగుతుందనీ, అందుకే అడక్కుండానే ఆ పరీక్ష చేయించామనీ చెప్పారు. ఆ పరీక్ష చేసినందుకు వారికి ఎంతో రుణపడి ఉన్నాను. నొప్పి లేదు కదా అని నేనైతే వద్దనేదాన్ని. రక్తపోటు పడిపోకుండా, రక్తం తగ్గిపోకుండా కనిపెట్టుకున్నారు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర కొనసాగించారు.

అయినా నన్ను పడుకోనివ్వలేదు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేటప్పుడు నాడి చూస్తూనే నడిపించారు. రక్తం గడ్డకట్టకుండా నెలకు పైగా పొట్టమీద సూదులు వేసుకున్నాను.

ఇది మూడో నెల. మెట్లెక్కేటప్పుడు ఆయాసం ఎక్కడ మొదలవుతుందో లెక్కపెట్టుకోవడం అలవాటైంది. నిన్న 12 మెట్లు ఆగకుండా ఎక్కాను.