నలభై రోజులు దాటి ఐదేళ్లు

తెనాలిలో మాది మూడు కంప్యూటర్ల డీటీపీ షాపు. పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. 2018లో ఒక ఎగుమతి కంపెనీ కేటలాగు పని మా దాకా వచ్చింది. రేటు మాట్లాడుకున్నాక వాళ్లొక ఫారం పంపారు. మీ కంప్యూటర్లలో ఏయే సాఫ్ట్‌వేర్లున్నాయో రాయండి, ఒక్కోదానికి లైసెన్సు బిల్లు జతచేయండి అని. నాకు చెమటలు పట్టాయి.

విండోస్‌కి ఇబ్బంది లేదు, డబ్బా మీద స్టిక్కరుంది. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు మాత్రం ఎప్పుడో సికింద్రాబాద్‌లో కొన్న సీడీ నుంచి ఎక్కించుకున్నది. దాని సంగతి ఇంతకంటే చెప్పను, తీసేసి నెలవారీ చందా కట్టాను. తెలుగు టైపింగ్‌ది డబ్బు పెట్టి కొన్నదే, రసీదు కూడా ఉంది. కానీ దాని లాక్ పాత ప్రింటర్ పోర్టుకి తగిలించేది. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ లాక్ ఇమ్మని ఫోన్ చేస్తే, అప్‌గ్రేడ్ కింద మళ్లీ డబ్బు కట్టమన్నారు. కొన్నది నేనే, బిల్లు నా పేరు మీదే, అయినా చేతివేలంత ముక్క లేకపోతే అది తెరుచుకోదు!

చివరికి మిగిలింది విన్‌రార్, ఫైళ్లను కుదించి ఒక్కటిగా మూటకట్టే సాఫ్ట్‌వేరు. ఫారంలో దాని ఎదురుగా ఏం రాయాలో తోచలేదు.

"అది ఫ్రీయే కదన్నా" అన్నాడు మా ఆపరేటర్ కుర్రాడు.

నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. తెరిచినప్పుడల్లా కొనమని ఒక చిన్న కిటికీ వస్తుంది, మూసేస్తే పని జరిగిపోతుంది. ఐదేళ్లుగా రోజుకు పదిసార్లు దాన్ని మూశాను. ఆ రోజు మొదటిసారి లైసెన్సు కాగితం కూర్చుని చదివాను. 40 రోజులు పరీక్షించి చూడొచ్చు, ఆ తర్వాత వాడాలంటే కొనాలి. అంతవరకు ఊహించిందే. నన్ను ఆపేసింది ఇంకో వాక్యం: రిజిస్టర్ చేయని కాపీని మార్పులు చేయకుండా ఎవరికైనా ఇవ్వొచ్చట.

అంటే మా షాపులో వ్యవహారం తలకిందులైంది. లాక్ ఉన్న సాఫ్ట్‌వేరుని నేను ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు, పక్క షాపువాడికి కాపీ ఇస్తేనే తప్పు. విన్‌రార్‌లాగా ముందు వాడి చూసి తర్వాత డబ్బు కట్టే షేర్‌వేర్‌లో పక్క షాపువాడికి కాపీ ఇస్తే రాసినవాళ్లకు సంతోషం, నేను డబ్బు కట్టకుండా వాడుతూ కూర్చుంటేనే తప్పు. రెండింటికీ యజమాని ఉన్నాడు, రెండూ అమ్మకానికే. మొదటివాడు డబ్బు తీసుకుని తాళం చెవి ఇస్తాడు. రెండోవాడు తలుపు తీసే ఉంచి, డబ్బు వస్తుందని చూస్తూ కూర్చుంటాడు.

ఈ షేర్‌వేర్ పద్ధతి 1980ల అమెరికాలో మొదలైంది. ఆండ్రూ ఫ్లూగల్‌మన్ అనే ఆయన ఫోన్ లైను మీద కంప్యూటర్లను కలిపే పీసీ-టాక్, జిమ్ నాఫ్ వివరాల జాబితాలు దాచుకునే పీసీ-ఫైల్ రాసి, నచ్చితే డబ్బు పంపండి అంటూ ఫ్లాపీల్లో వదిలారు. 1983లో బాబ్ వాలెస్ తన టైపింగ్ సాఫ్ట్‌వేరు పీసీ-రైట్‌ని అమ్మడానికి ఇంకో ఎత్తు వేశాడు. రిజిస్ట్రేషన్ 75 డాలర్లు, మీరిచ్చిన కాపీ చూసి ఇంకెవరైనా కడితే అందులో 25 డాలర్లు మీకు. కాపీ కొట్టేవాణ్ణే ఏజెంటుగా పెట్టుకున్నాడన్నమాట. నాకు భలే నచ్చాడు.

1997లో గుంటూరులో కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు, సారు భోజనానికి వెళ్లగానే మేము డూమ్ ఆడేవాళ్లం. ఆ ఆట అక్కడికే అయిపోయిందనుకునేవాళ్లం. అదీ షేర్‌వేరేనని, మూడు భాగాల్లో మొదటిదేనని, మిగతావి కావాలంటే కొనమని చివర్లో అడుగుతోందని మాలో ఒక్కడికీ అర్థం కాలేదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మూసేయడం అప్పుడే అలవాటైనట్టుంది.

కొనడం మాత్రం పది నిమిషాల పని. కంప్యూటరుకొకటి చొప్పున మూడు లైసెన్సులు తీసుకున్నాను. బిల్లుతో పాటు మెయిల్లో ఒక చిన్న కీ ఫైలు వచ్చింది. దాన్ని విన్‌రార్ ఉన్న ఫోల్డర్లో వేస్తే ఆ కిటికీ మాయమైంది. కొత్త పనులేమీ రాలేదు, అన్నీ అంతకుముందే ఉన్నాయి. ఇంత డబ్బుకి పోయింది ఒక్క కిటికీయేనా అని ఆపరేటర్ కుర్రాడు నవ్వాడు.

ఫారం నింపి పంపాను, కేటలాగు పని దక్కింది.

మొన్న మా బావమరిది చీరాలలో కొత్తగా షాపు పెట్టి, విన్‌రార్ కావాలని అడిగాడు. సెటప్ ఫైలు పంపాను, కీ పంపలేదు.

"40 రోజులు వాడుకో, తర్వాత కొనుక్కో" అన్నాను.

"అట్లాగే బావా" అని, కాసేపాగి అడిగాడు. "మీ 40 రోజులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు అయిపోయాయి?"

కస్టమర్ వచ్చాడని చెప్పి ఫోన్ పెట్టేశాను.