మచ్చ తేలేది మాగేటప్పుడు, పట్టేది పిందెలో

చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్, కేథరిన్ మామిడి షెడ్లకు పని కోసం వచ్చే మనవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇది: గ్రేడింగ్ బెల్టు మీద నిగనిగలాడిన పచ్చికాయే మాగే గదిలో నల్లబడుతుంది. ఏరివేతతో కుళ్ళు ఆగదు.

వానచినుకులు ఎండుకొమ్మల నుంచి, పాత పూగుత్తుల నుంచి ఆంత్రాక్నోస్ అనే మచ్చతెగులు శిలీంధ్రం బీజాలను పిందె మీదికి చిమ్ముతాయి. అవి తొక్కలో దూరి, కాయ మాగేదాకా అణిగి ఉంటాయి. తర్వాత నల్లటి గుంటమచ్చలు తేలతాయి. నీళ్ళు జారిన దారిలో చారలు పడతాయి. తేమ ఎక్కువైతే మచ్చ నడుమ లేత నారింజ రంగు జిగురు ఊరుతుంది, అవే కొత్త బీజాలు. తొడిమ కుళ్ళు వేరే తెగులు: తొడిమ చుట్టూ గోధుమరంగు వలయంగా మొదలై రెండు మూడు రోజుల్లో కాయ సగందాకా మెత్తబడుతుంది.

ఆంత్రాక్నోస్‌కు వేడినీటి ముంపు బాగా పనిచేస్తుంది: 52 డిగ్రీలు, 5 నిమిషాలు. 55 దాటితే తొక్క కమిలిపోతుంది, బాగా తగ్గితే శిలీంధ్రం బతికిపోతుంది. క్రేట్లు దించగానే నీరు చల్లబడుతుంది కాబట్టి థర్మామీటరు కాయల నడుమ పెట్టి చూడాలి, హీటరు పక్కన కాదు. ఫ్లూడియోక్సోనిల్ లాంటి శిలీంధ్రాల మందు వాడే షెడ్లలో మోతాదు లేబుల్ ప్రకారమే. తొట్టి అడుగున మందు పేరుకోకుండా కలుపుతూ ఉండాలి, సొన, మట్టి చేరిన నీళ్ళు మార్చాలి. గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, మేస్త్రీ తొందరపెట్టినా సరే.

ఇక్కడ పూత ఎక్కువగా వానల్లేని నెలల్లో వస్తుంది, అది పెద్ద అదృష్టం. మన దగ్గర పూత మీద మంచు, జూన్, జులైల్లో తోతాపురి కోతకొచ్చేసరికి వానలు. అందుకే ఊళ్ళో తోట ఉన్నవాళ్ళకు ఫోనులో చెప్పాల్సింది మందు వేళ గురించే. పూమొగ్గలు విచ్చుకోకముందు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టాలి. పూర్తి పూతలో కొట్టొద్దు, ఈగలూ తేనెటీగలూ పోతే కాయే నిలవదు. పిందె కట్టాక 2.5 గ్రాముల మాంకోజెబ్, 15 రోజులకు 1 గ్రాము కార్బెండజిమ్. కార్బెండజిమ్ ఒక్కటే వరసగా కొడితే శిలీంధ్రం దానికి లొంగడం మానేస్తుంది. మాంకోజెబ్ వాన తర్వాత కాదు, వానకు ముందే ఆకు మీద ఆరి ఉండాలి.

చివరి మందుకూ కోతకూ నడుమ కనీసం 15 రోజులు ఉండాలి. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల సరుకు విదేశాలకు పోతుంది, కాయలో మందు మిగలకూడదు; యూరప్‌లో కార్బెండజిమ్ అనుమతి 2014లోనే ముగిసింది. కోత అయ్యాక ఎండుకొమ్మలు కత్తిరించి తోట బయట కాల్చాలి. ఈ పనికి మందు ఖర్చు లేదు, కానీ ఎక్కువమంది వదిలేసేది దీన్నే.