సాంతా మువెర్తేకి గ్లాసెడు నీళ్ళు

"ఆ దయ్యాన్ని నా ఇంట్లోంచి తీసెయ్" అంది మా ఓనరమ్మ. మెక్సికో సిటీకి వచ్చాక ఆవిడ నా మీద గొంతు పెంచడం అదే మొదలు. వెంకన్న పటం పక్కన పెట్టుకున్న చిన్న బొమ్మను చూసింది. తెల్ల ముసుగు, చేతిలో కొడవలి, ముఖం బదులు పుర్రె. సాంతా మువెర్తే. చావునే తల్లిగా కొలుస్తారు ఇక్కడ.

దాన్ని ఇచ్చింది మా ఆఫీసు నైట్ సెక్యూరిటీ ఆయన. నాన్న అక్కడ ఐసీయూలో ఉంటే, నేనిక్కడ షిఫ్టులో ఫోన్ పట్టుకుని వరండాలో తిరుగుతున్నాను. నా స్పానిష్ అంతంతమాత్రం, అయినా ఆయనకు అర్థమైంది. మర్నాడు బొమ్మ చేతిలో పెట్టి, "రోజూ గ్లాసెడు నీళ్ళు పెట్టు, ఆమెకు దాహం ఎక్కువ" అన్నాడు. నాన్న కోలుకున్నాడు. ఆమె దయా, డాక్టర్ల దయా అని నేను లెక్క తీయలేదు.

ఒకసారి నెల ఒకటో తారీఖున ఆయనే నన్ను మెక్సికో సిటీలోనే ఉన్న తెపీతో అనే పేటకి తీసుకెళ్ళాడు. 2001కి ముందు ఈమెను ఎక్కువమంది చాటుగా ఇళ్ళల్లో కొలిచేవాళ్ళట. ఆ ఏడాది ఎన్రికేతా రొమేరో అనే ఆవిడ నిలువెత్తు విగ్రహాన్ని తెపీతోలోని అల్ఫరేరియా వీధిలో అందరికీ కనబడేలా పెట్టింది. మేం వెళ్ళిన రోజు కొందరు మోకాళ్ళ మీద వస్తున్నారు. తెకీలా మందు, యాపిల్స్, పూలు. బొమ్మ ముఖం మీదికి సిగరెట్ పొగ ఊదుతున్నారు. నాకు వింతేమీ అనిపించలేదు. మైసమ్మకు కల్లుసాక పోయడం చూసి పెరిగినవాణ్ణి.

"డ్రగ్స్ ముఠాలు మొక్కే బొమ్మ" అంటుంది ఓనరమ్మ. మొక్కుతారు, కాదనను. 2009లో అమెరికా సరిహద్దులో ఉన్న న్యూవో లారెడో దగ్గర సైన్యం ఈమె గుళ్ళను బుల్‌డోజర్లతో కూల్చింది. 2013లో కాథలిక్ చర్చి కేంద్రమైన వాటికన్‌లోని పెద్ద మతాధికారి కార్డినల్ రవాసీ ఇది దైవదూషణ అన్నాడు. మరి మెక్సికోవాళ్ళు మేరీమాతగా కొలిచే గ్వాదలూపే మాత ముందు దొంగలెవరూ మోకరిల్లరా? బోనం ఎత్తినవాళ్ళను చూసి మూతి తిప్పే ఆంటీలు ఇండియాలో మా అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. ధర్మపురికి వెళ్తే మా నాయనమ్మ యమధర్మరాజు ముందు గండదీపంలో నూనె పోసేది. ఆమెను ఎవరూ ముఠా మనిషి అనలేదు.

చావు అయితే డబ్బున్నవాడినీ లేనివాడినీ ఒకేలా చూస్తుంది, అందుకే నమ్ముతానంటాడు సెక్యూరిటీ ఆయన. ఆ సిగరెట్ పొగ నాకు పడదు, తెపీతోలో ఫోన్ బయటికి తీయాలన్నా టెన్షనే. మళ్ళీ వెళ్తానో లేదో. ఆయన మాత్రం ప్రతినెలా ఒకటో తారీఖుకు డ్యూటీ మార్చుకుంటాడు, వచ్చే నెల కూడా ఇప్పుడే అడిగి పెట్టుకున్నాడు.