కాలే బండ, తెలియని అరికాలు

పక్షవాతం వచ్చి నడక కాస్త కుదుటపడితే చాలు, ఇంట్లో అందరూ ఇక చేతి మీదే ధ్యాస పెడతారు. నడుస్తున్నారు కదా, కాలికేం అనుకుంటారు. స్పర్శ రాకుండా నడక ఒక్కటే వచ్చిన కాలితోనే అసలు తంటా. లోపం కాలిలో లేదు, తాకిడి కబురు అందుకునే మెదడులో ఉంది. తైలాలు రుద్దితే చర్మం మెత్తబడుతుందేమో గానీ స్పర్శ రాదు.

మన కడప, అనంతపురం వైపు మొదటి గండం బండలే. ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీద నల్లటి కడప బండ మీద అడుగేస్తే ఎవరైనా ఎగిరి వెనక్కొస్తారు. స్పర్శ లేనివాళ్లు మాత్రం నింపాదిగా వడియాలన్నీ తిరగేసి దిగొస్తారు. సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు కనిపిస్తాయి బొబ్బలు. గుడి ప్రదక్షిణ ఎండెక్కకముందే ముగించుకోవాలి. ఉప్పు మూట, వేడి ఇటుక, రబ్బరు సంచి కాపడాలు ఎవరు చెప్పినా ఆ కాలికి వద్దు. స్నానం నీళ్ల వేడి బాగున్న వైపు మోచేత్తోనే చూడాలి. జబ్బు వైపు చెయ్యి కూడా అబద్ధం చెప్పొచ్చు.

హవాయి చెప్పులు మానేయండి. నడింట్లో జారిపోయినా తెలియదు, తుమ్మ ముల్లు అడుగు దూసుకొచ్చినా తెలియదు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు మేలు. తొడిగేముందు తిరగేసి దులిపి, లోపల వేళ్లతో తడమాలి. కొత్తవి మొదటిరోజు అరగంటే. విప్పాక ఎర్రటి మచ్చ 20-30 నిమిషాల్లో పోకపోతే అక్కడ ఒత్తుతున్నట్టే. మడమకు కట్టే ప్లాస్టిక్ పట్టీకీ ఇదే లెక్క.

రాత్రి పడుకోబోయే ముందు నేల మీద అద్దం పెట్టి అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. కొబ్బరినూనె మడమలకే, సందుల్లో వద్దు. ఎలుకలు తిరిగే ఇంట్లో కాళ్లు దోమతెర లోపలే ఉండాలి. కొరికినా మెలకువ రాదు.

కాలు ఎక్కడుందో కాలు చెప్పదు కాబట్టి కళ్లే ఊతం. చీకట్లో తూలేది అందుకే. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసినా అంతే, కాబట్టి స్నానం స్టూలు మీద కూర్చునే. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలుగుతుండాలి.

స్పర్శకు కసరత్తు ఉంది. కూర్చుని, వెడల్పాటి పళ్లెంలో జొన్నలు పోసి, ముందు బాగున్న పాదం, తర్వాత మొద్దుబారిన పాదం ఆడించాలి. పక్కనే గోనెపట్టా, టవలు. మొదట కళ్లు తెరిచి, ఆపైన మూసుకుని ఏది తగిలిందో చెప్పాలి. రోజూ 10-15 నిమిషాలు, నెలల తరబడి. అందరికీ పూర్తిగా తిరిగి రాదు, కొందరికి కొంత వస్తుంది. గులకరాళ్లు మాత్రం వాడొద్దు.

కొన్ని నెలలకు అదే కాలు మంట పుట్టి, దుప్పటి తగిలినా భగ్గుమంటే అది మెదడు పుట్టించే నొప్పి. మామూలు నొప్పి బిళ్లలకు సాధారణంగా లొంగదు, దానికి నరాల డాక్టరు ఇచ్చే మందులు వేరే. కానీ ఉన్నట్టుండి కొత్తగా ఒక పక్క మొద్దుబారినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా టైము చూసి రాసిపెట్టుకుని వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉండే గడువు మామూలుగా నాలుగున్నర గంటలే.