పన్నెండు మిల్లీమీటర్ల తేడా

ఆ ఆదివారం గోల్ఫ్ మైదానంలో ఒకే బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, ఏడుసార్లు కొట్టాను. ఏడో దెబ్బకు బంతి బయటపడింది కానీ గ్రీన్ మీద, అంటే జెండా పాతి ఉండే నున్నని గడ్డి మీద, నిలవలేదు, అవతలి పక్క గడ్డిలోకి దూసుకుపోయింది. మొదటి ఆరు దెబ్బలకూ జరిగింది ఒకటే. క్లబ్బు పారలా ఇసుకలో దిగబడేది, మణికట్టు జివ్వుమనేది, బంతి జానెడు లేచి మళ్ళీ నా కాళ్ళ దగ్గరికే దొర్లి వచ్చేది. వెంట ఆడుతున్న ఇద్దరు పెద్దమనుషులు ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మాది మహబూబ్‌నగర్. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమణ పొందాను. గోల్ఫ్ నాకు విరమణ తర్వాత వచ్చిన ఆట. నా భార్య అన్నయ్య సైన్యంలో పనిచేసి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. ఆయనే తన పాత క్లబ్బుల సంచి నా చేతికిచ్చి, నెలకు రెండు ఆదివారాలు వెంటబెట్టుకుని తీసుకెళ్ళేవారు. మహబూబ్‌నగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి జడ్చర్ల దగ్గర హైవే ఎక్కితే ఆరున్నరకు మైదానంలో ఉండేవాణ్ణి. అంత దూరం వెళ్ళి ఇసుకలో ఏడు దెబ్బలు కొట్టి రావడం ఎంత బాధగా ఉంటుందో ఆడేవాళ్ళకే తెలుస్తుంది.

బంకర్ షాటులో విచిత్రమేమిటంటే, అక్కడ బంతిని కొట్టకూడదు. బంతికి రెండంగుళాల వెనక ఇసుకను కొట్టాలి. క్లబ్బు ఇసుకలోకి దిగి, బంతి కిందినుంచి జారి, ముందుకు వెళ్ళిపోవాలి. లేచిన ఇసుకే బంతిని ఎత్తి గ్రీన్ మీద దించుతుంది. బరువు ముందు కాలి మీద ఉంచండి, క్లబ్బు ముఖాన్ని, అంటే బంతికి తగిలే పక్కను, కొంచెం ఆకాశం వైపు తిప్పి తెరవండి, మధ్యలో ఆపకండి అని బావగారు చెప్పినవన్నీ చేశాను. అయినా దిగబడేది.

మిడ్జిల్ దగ్గర మాకు కొంత పొలం ఉంది. పొలం దాటితే దుందుభి వాగు. ఎండాకాలం వాగులో నీరుండదు, కనుచూపు మేర ఇసుకే. నేను అక్కడే సాధన మొదలుపెట్టాను. మొదటి వారం బంతే పెట్టలేదు. కర్రతో ఇసుక మీద పొడవుగా ఒక గీత గీసి, ఆ గీత మీద క్లబ్బు పడేలా వరసగా కొడుతూ వెళ్ళాను. యాభై దెబ్బలయ్యాక వెనక్కి నడిచి ఆ గుంటలను కొలిచాను. జీవితమంతా తవ్వకాలు కొలిచిన చేతికి అది అలవాటైన పని. గుంటలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి: మూడంగుళాల పొడవు, రెండంగుళాలకు మించిన లోతు. అవి మొక్క నాటడానికి తీసిన గుంటల్లా ఉన్నాయి. క్లబ్బు ముందుకు జారడం లేదు, కిందికి వెళ్తోంది. గుంటలు గీత దగ్గరే మొదలవుతున్నాయి, అందులో మాత్రం తప్పు లేదు. అంటే నా చేయి క్లబ్బును సరైన చోటే దించుతోంది. దిగాక ఏమవుతుందో క్లబ్బే నిర్ణయిస్తోంది.

అప్పుడు క్లబ్బును తిరగేసి దాని అడుగు చూశాను. అప్పటిదాకా ముఖాన్నే చూస్తూ వచ్చాను.

దగ్గరి నుంచి బంతిని ఎత్తి కొట్టే క్లబ్బును వెడ్జ్ అంటారు. దాని అడుగుకు ఒక వాలు ఉంటుంది. ముందంచు కన్నా వెనకంచు కిందికి దిగి ఉంటుంది. ఆ వాలునే బౌన్స్ అంటారు, డిగ్రీల్లో చెబుతారు. నా సంచిలోని శాండ్ వెడ్జ్ (ఇసుకలో వాడే వెడ్జ్) లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, 56 డిగ్రీలు, బౌన్స్ 8 డిగ్రీలు. అడుగు వెడల్పును వెర్నియర్‌తో కొలిస్తే 19 మిల్లీమీటర్లు వచ్చింది. మా పాలమూరు మనుషులకు మట్టిపని కొత్త కాదు. పారను నిలువుగా దించితే లోతుకు పోతుంది, పడుకోబెట్టి లాగితే పైపొర గీకుతుంది. నాగలి కర్రు నేలను చీలుస్తుంది, కరిగెట చేసిన మడిని చదును చేసే చెక్క అదే బురద మీద తేలుతూ పోతుంది. నా చేతిలో ఉన్నది కర్రు. నాకు కావలసింది చెక్క.

ఈ సంగతి కనిపెట్టినవాడి కథ చదివాక నాకు మరింత ఉత్సాహం వచ్చింది. జీన్ సరాజెన్ అనే అమెరికన్ ఆటగాడికి బంకర్లంటే ఇబ్బందిగా ఉండేది. విమానం పైకి లేచేటప్పుడు దాని తోక కిందికి వంగడం చూసి, క్లబ్బుకు కూడా వెనక భాగం కిందికి ఉంటే ఇసుకలో దిగబడకుండా పైకి లేస్తుంది కదా అనుకున్నాడు. నిబ్లిక్ అనే పాత క్లబ్బు వెనక టంకం కరిగించి పోసి, అడుగు సరిగ్గా కుదిరే వరకు ఆకురాయితో అరగదీశాడు. 1932లో బ్రిటిష్ ఓపెన్‌ను ఆ క్లబ్బుతోనే గెలిచాడు, ఆ ఏడే యూఎస్ ఓపెన్ కూడా గెలిచాడు. ఈనాటి శాండ్ వెడ్జ్‌లన్నిటికీ మూలం అదే. క్లీవ్‌లాండ్ కంపెనీ వాళ్ళ స్మార్ట్ సోల్, 2017లో కాలవే కంపెనీ తెచ్చిన ష్యూర్ అవుట్ వంటి వెడల్పాటి అడుగు వెడ్జ్‌లు ఆ ఆలోచనను ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళినవే.

నేను హైదరాబాద్‌లో ఒకరి దగ్గర వాడిన వెడ్జ్ కొన్నాను. లాఫ్ట్ అదే 56, బౌన్స్ 12, అడుగు వెడల్పు 31 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చి రెండు క్లబ్బులనూ పక్కపక్కన బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. తేడా పన్నెండు మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి మందమంత.

మర్నాడు వాగులో మొదటి ఇరవై దెబ్బలు మునుపటికన్నా ఘోరంగా వచ్చాయి. క్లబ్బు ముందంచు బంతి నడుముకు తగిలి, బంతి రివ్వున నలభై గజాలు పోయింది. పాత అలవాటు కొద్దీ క్లబ్బు ముఖం తెరుస్తున్నానని మధ్యాహ్నానికి గాని తెలియలేదు. ముఖం తెరిస్తే బౌన్స్ పెరుగుతుంది. సన్న అడుగుకు అది మేలు చేస్తుంది. వెడల్పాటి అడుగుకు సొంతంగానే కావలసినంత ఉంది, దానిమీద ఇంకా తెరిస్తే ముందంచు పైకి లేచి బంతి నడుమునే కొడుతుంది. ముఖాన్ని తిన్నగా గురివైపే ఉంచి, ముందులాగే రెండంగుళాల వెనక కొట్టాను. ఇసుక పలచగా తెరలా లేచింది. బంతి దాని మధ్యలోంచి మెల్లగా పైకి వెళ్ళి పదిహేను గజాల అవతల పడి ఆగింది. క్లబ్బు కింద పెట్టి గుంట కొలిచాను. తొమ్మిదంగుళాల పొడవు, అరంగుళం లోతు. ఆ రోజు ఎండలో ఒంటిగంట దాకా కొడుతూనే ఉన్నాను.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. ఇసుకలో ఇంత హాయిగా ఉన్న క్లబ్బును గ్రీన్ చుట్టూ అన్నిచోట్లా వాడవచ్చని ఆశపడ్డాను. దాన్ని పరీక్షించడానికి నా దగ్గర మూడు రకాల నేలలున్నాయి. వాగు ఇసుక సరే. వాగు ఒడ్డున మెత్తని ఇసుక మట్టి ఉండే దుబ్బ నేల, అక్కడ సన్నని గడ్డి మొలుస్తుంది. ఆ పైన మా ఎర్ర చెలక, వేరుశనగ తీశాక ఏప్రిల్ ఎండకు రాయిలా గట్టిపడి ఉంటుంది. దుబ్బలో ఈ వెడ్జ్ బంగారంలా పనిచేసింది. బంతికి అంగుళం వెనక తగిలినా అడుగు నేలమీద జారి బంతిని చేరేది. సన్న అడుగు క్లబ్బయితే అక్కడే కూరుకుపోయేది. పొట్టి షాట్లలో ఆ మాత్రం పొరపాటును మన్నించే క్లబ్బు చేతిలో ఉంటే మనసుకు ఎంత నెమ్మది వస్తుందో చెప్పలేను. చేయి బిగుసుకోదు. బిగుసుకోని చేయి తప్పు తక్కువ చేస్తుంది.

చెలకలో మాత్రం కథ తిరగబడింది. గట్టి నేలమీద వెడల్పాటి అడుగు ఆనితే ముందంచు నేలకు కొంచెం ఎత్తులో నిలబడుతుంది. దెబ్బ రవంత వెనక పడితే చాలు, అడుగు నేలకు తగిలి ఎగిరి బంతి నడుమును కొడుతుంది. పది బంతుల్లో ఆరు అలాగే పోయాయి. వారం రోజులు నా స్వింగునే మార్చుకుంటూ వెళ్ళాను. ఆ వారం వృథా. స్వింగులో లోపం లేదు, ఆ నేలకు ఆ క్లబ్బు పనికిరాదు, అంతే. ఇప్పుడు నేల గట్టిగా ఉంటే వెడ్జ్ కన్నా ముఖం తక్కువ వాలిన ఎనిమిదో నంబరు ఐరన్ క్లబ్బు తీసి, గ్రీన్ మీద పటింగ్ చేసినట్టు చిన్నగా తట్టి బంతిని దొర్లిస్తాను. తప్పనిసరిగా ఎత్తి కొట్టాలంటే పాత 19 మిల్లీమీటర్ల వెడ్జే. దాన్ని సంచిలోంచి తీసెయ్యలేదు. నియమాల ప్రకారం సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు గనక, నేను ఎప్పుడూ సరిగా కొట్టలేని మూడో నంబరు ఐరన్‌ను ఇంట్లో వదిలేశాను.

ఇసుకలో కూడా ఒక చోట ఈ క్లబ్బు తడబడుతుంది. బంతి పైనుంచి పడి సగం పూడుకుపోతే, దాని కిందికి దిగే క్లబ్బు కావాలి, పైపైన జారేది కాదు. ముఖాన్ని కొంచెం మూసి ముందంచును దించి కొడితే కొంతవరకు పని జరుగుతుంది. వాగు ఇసుక రేణువులు నీటి ఒరిపిడికి గుండ్రబడి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, అందుకే అక్కడ బంతి ఎక్కువగా పూడుకుంటుంది. కోణాలున్న ఇసుక ఒకదానికొకటి పట్టుకుని గట్టిగా నిలుస్తుంది. సాధన కష్టమైన ఇసుకలో జరగడం నాకు లాభమే అయింది.

వాగు నాకు ఒక చెడ్డ అలవాటు కూడా నేర్పింది. కొట్టేముందు క్లబ్బును బంతి వెనక ఇసుకలో ఆనించేవాణ్ణి. మైదానంలో మళ్ళీ బంకర్‌లోకి దిగిన రోజు అదే చేశాను. వెంట ఆడుతున్న ఒక పెద్దాయన మర్యాదగానే చెప్పారు: "బంతి వెనక ఇసుకను తాకారు. రెండు స్ట్రోకుల శిక్ష." 2019లో నియమాలు సవరించినప్పుడు బంకర్‌లో రాళ్ళూ ఆకులూ తీసుకోవడానికి అనుమతి వచ్చింది గాని, సాధన స్వింగులో ఇసుకను తాకడం, బంతి వెనక క్లబ్బు ఆనించడం ఇప్పటికీ కుదరదు. ఆయన చెప్పింది న్యాయం. స్కోరు కార్డులో ఆ రెండు దెబ్బలూ కలిపి రాసుకున్నాను. ఆ తర్వాత వాగులో కూడా క్లబ్బును గాలిలోనే పట్టుకుని కొట్టడం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజు శిక్ష పడ్డాక అదే బంకర్‌లోంచి కొట్టిన దెబ్బకు బంతి మొదటిసారే లేచి, జెండాకు ఆరడుగుల దూరంలో ఆగింది. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. కారు దగ్గర సంచులు సర్దుతున్నప్పుడు అన్నారు.

"బాగా కొట్టారు బావగారూ. కానీ క్లబ్బే పని చేసి పెడితే ఆట నేర్చుకున్నట్టు ఎలా అవుతుంది?"

"క్లబ్బు నా బదులు కొట్టలేదు బావగారూ. నేను సరిగ్గా కొట్టినదాన్ని ఇప్పుడు చెడగొట్టడం లేదు."

ఈ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అరవై దాటాక మొదలుపెట్టినవాళ్ళకు, వారానికి ఒకసారి కూడా మైదానం అందనివాళ్ళకు, చిన్న ఊళ్ళలో కోచ్ లేనివాళ్ళకు సన్న అడుగు వెడ్జ్ ఇచ్చి బంకర్‌లోకి పంపడం అన్యాయం. ఆటను వదిలేసేలా చేసేది ఆ ఇసుకే. కొనేముందు ముఖం ఎంత మెరుస్తోందో చూడకుండా క్లబ్బును తిరగేసి అడుగు చూడమని, మీరు ఎక్కువగా ఆడే నేల ఎలాంటిదో ముందు ఆలోచించుకోమని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. ఎప్పుడూ గట్టి నేలమీదే ఆడేవాళ్ళకు నా వెడ్జ్ నచ్చకపోవచ్చు.

తడి ఇసుక సంగతి ఇంకా తేలలేదు. వాన కురిసి గట్టిపడిన ఇసుక చెలక లాగే ప్రవర్తిస్తుంది, అడుగు ఎగురుతుంది. పోయిన ఏడు జూలైలో రెండుసార్లు అలాగే దెబ్బతిన్నాను. అందుకని ఇప్పుడు వాగులో రెండు మీటర్ల చదరం గీసుకుని, బోరు నీళ్ళు పోసి, కాలితో తొక్కి గట్టిపరిచి, అక్కడ రెండు వెడ్జ్‌లతోనూ కొడుతున్నాను. పాతదానితో నాలుగంగుళాల గుంట వస్తోంది, బంతి బాగానే లేస్తోంది. కొత్తదానితో అది ఇంకా కుదరలేదు. వాగు పారేలోగా ఇంకో మూడు వారాల టైముంది.