ఎమిలీ పిల్లలు, మన పిల్లలు

ఇక్కడ ఐర్లాండ్‌లో సెల్‌బ్రిడ్జ్, మేనూత్, లెక్స్‌లిప్ వైపు ఇంటెల్ పుణ్యమా అని మన తెలుగు ఫ్యామిలీలు చాలానే ఉన్నాయి, వీకెండ్ ఎండ కాసిందంటే అందరం పిల్లల్ని వేసుకుని కాసిల్‌టౌన్ హౌస్ పార్కుకే పోతాం. ఆ ఇంట్లో ఉండిన లూయీసా గురించి, వాళ్ళక్క ఎమిలీ గురించి మాత్రం మనవాళ్ళు మాట్లాడుకోగా నేను వినలేదు. నాకైతే పరాయి దేశంలో పిల్లల్ని పెంచడం గురించి ఆలోచించినప్పుడల్లా ఎమిలీయే గుర్తొస్తుంది.

వీళ్ళు ఇంగ్లాండ్‌లో రిచ్‌మండ్ డ్యూక్ కూతుళ్ళు, రాజు రెండో చార్లెస్‌కి మునిమనవరాళ్ళు. పెద్దమ్మాయి కెరొలిన్ 1744లో ఇంట్లో చెప్పకుండా తనకన్నా 18 ఏళ్ళు పెద్దవాడైన హెన్రీ ఫాక్స్‌ని చేసుకుంటే పుట్టింటివాళ్ళు మళ్ళీ దగ్గరికి తీయడానికి నాలుగేళ్ళు పట్టింది. ఎమిలీకి 1747లో, 15 ఏళ్ళకే, ఐరిష్ వాడైన కిల్డేర్ ఎర్ల్‌తో పెళ్ళయి సముద్రం దాటి వచ్చేసింది. తర్వాత అమ్మానాన్న ఇద్దరూ ఏడాది తేడాలో పోతే చిన్న చెల్లెళ్ళు ముగ్గురూ అక్క దగ్గరికే, మేనూత్ పక్కన కార్టన్‌కి వచ్చారు, అప్పటికి ఎమిలీకి నిండా ఇరవై, సొంత పిల్లలు ఎలాగూ ఉన్నారు. ఆ చెల్లెళ్ళలో లూయీసాయే 1758లో కనోలీ గారిని చేసుకుని మా పక్కనున్న కాసిల్‌టౌన్ ఇంటికి కోడలైంది.

లండన్‌లో కొందరు, ఇక్కడ కొందరు, ఇంక ఉత్తరాలే ఉత్తరాలు. ఎవరికి కాన్పయింది, ఎవరి పిల్లాడికి జ్వరం, కెరొలిన్ కొడుకు చార్లెస్ ఫాక్స్ జూదంలో ఎంత అప్పు చేశాడు, అన్నీ అందులోనే. చెల్లెలు సారా మీద కొత్త రాజు మూడో జార్జ్ మనసు పడ్డాడని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకుంటే ఆయన 1761లో జర్మనీ నుంచి వచ్చిన షార్లెట్‌ని చేసుకున్నాడు, ఆ పెళ్ళిలో సారా తోడిపెళ్ళికూతురు, పాపం. ఇది చెప్తే మా అమ్మాయి "అమ్మా, నువ్వు పిన్నితో ఫోన్లో మాట్లాడేదీ ఇదే కదా" అంది, అవును ఇదే, అవతలి ఒడ్డున హోలీహెడ్ రేవు నుంచి ఓడకి గాలి కుదరకపోతే వాళ్ళకి కబురు ఆగిపోయేది, మనకి వాట్సాప్ ఉంది అంతే తేడా.

ఎమిలీకి మొత్తం 22 మంది పిల్లలు, చాలామంది చిన్నప్పుడే పోయారు. డబ్లిన్ పక్కన బ్లాక్‌రాక్ దగ్గర సముద్రం ఒడ్డున ఫ్రెస్కాటి అనే ఇంట్లో వాళ్ళని పెంచింది, చదువు చెప్పడానికి పేరున్న తత్వవేత్త రూసోనే పిలిచింది, ఆయన రానన్నాడు, ఓగిల్వీ అనే స్కాట్లాండ్ మాస్టారు వచ్చాడు, భర్త పోయాక 1774లో ఆయన్నే పెళ్ళి చేసుకుంది. మొదటి భర్త ఎర్ల్ నుంచి డ్యూక్ అయ్యాడు కాబట్టి ఈవిడ డచెస్, డచెస్ అయ్యుండి మాస్టార్ని చేసుకోవడమంటే ఆ రోజుల్లో చిన్న గొడవ కాదు.

ఆ ఇంట్లో పెరిగినవాడే ఎమిలీ కొడుకు ఎడ్వర్డ్. 1781లో అమెరికాలో ఇంగ్లీష్ సైన్యంలో పోరాడి గాయపడ్డ కుర్రాడు, చివరికి ఐర్లాండ్‌ని ఇంగ్లాండ్ నుంచి విడదీయాలని తిరుగుబాటుకి నాయకుడయ్యాడు. నాన్న ఐరిష్ వాడే, కాదనను, కానీ తల్లి పుట్టిల్లు రాజవంశం. 1798 మేలో డబ్లిన్ థామస్ స్ట్రీట్‌లో పట్టుకునేటప్పుడు తూటా తగిలింది, అక్కడి న్యూగేట్ జైల్లో పడేశారు, ఎవర్నీ చూడనివ్వలేదు. తల్లి లండన్‌లో ఉండిపోయింది. లూయీసా పిన్నే ప్రభుత్వంలో పెద్దవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి లార్డ్ క్లేర్ చేత ఒప్పించుకుని, జూన్ 3 రాత్రి ఎడ్వర్డ్ అన్న హెన్రీని వెంటబెట్టుకుని జైలుకి వెళ్ళింది. జ్వరం తలకెక్కి ఉన్నా పిన్నిని గుర్తుపట్టాడు, తెల్లవారకముందే ప్రాణం పోయింది. ఆ చూపులు ఎలా జరిగాయో పూసగుచ్చినట్టు లండన్‌కి ఉత్తరం రాసింది కూడా ఆవిడే.

మా అమ్మాయి ఇంట్లో కూడా ఐరిష్ యాసలోనే మాట్లాడుతుంది, మ్యాచ్ వస్తే మా కౌంటీ కిల్డేర్ టీమ్ జెర్సీ వేస్తుంది, నా స్నేహితురాళ్ళు "చేజారిపోతోంది చూసుకో" అంటారు. నాకు ఆ భయం లేదు, పెరిగిన నేల మీద ప్రేమ పుట్టకపోతేనే పిల్లలకి ఏదో లోటున్నట్టు. మా ఆయన ఒప్పుకోరు, ఎమిలీ అంత స్వేచ్ఛ ఇవ్వబట్టే కొడుకు అలా పోయాడంటారు. ఆవిడ మాత్రం ఆ కొడుకుని ఎప్పుడూ తప్పుపట్టలేదు, వాడి పిల్లాడిని తన దగ్గరే ఉంచుకుని ఇంగ్లాండ్‌లో పెంచింది, నానమ్మ పెంపకమే వాడిది.